తెరెమిన్ మీద గమకం: వీణతో జరిగిన ఒక ఉమ్మడి కచేరీ, కేస్ స్టడీ

హైదరాబాదులో స్థిరపడిన ఒక వైణికురాలు, జర్మనీ నుంచి వచ్చిన ఒక తెరెమిన్ (గాలిలో చేతులు కదిపి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం) కళాకారిణి, ఒక మృదంగ విద్వాంసుడు కలిసి 40 నిమిషాల కచేరీ ఒకటి సిద్ధం చేసుకోవాలని సంకల్పించినప్పుడు, ఎలక్ట్రానిక్ వాద్యం ఎంపిక, సౌండు ఏర్పాటు, వేదిక అమరిక, సాధనకు కావలసిన రికార్డింగులు నాకు అప్పగించారు. పని మొదలుకాకముందే ముగ్గురూ ఒక మాట మీద నిలబడ్డారు. రాగం రాగంగానే వినిపించాలి. తెరెమిన్ వీణ వెనుక వినిపించే వింత శబ్దంగా మిగలకూడదు. వీణ కూడా విదేశీ శ్రోత కోసం అద్దిన రంగు కాకూడదు. చూడడానికి ఇది చిన్న షరతే అయినా, తరువాత మేము తీసుకున్న ప్రతి సాంకేతిక నిర్ణయాన్నీ అదే నడిపించింది. ఆ క్రమంలో నాకు గట్టిగా తేలిన సంగతి ఒకటుంది. తెరెమిన్ మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే తీరు, పలకాలంటే స్వరాన్ని నడిపే కుడిచేతిని ఎంత తీర్చిదిద్దినా చాలదు. నాదం హెచ్చుతగ్గులను నడిపే ఎడమచేయి ఆ గమకాన్ని నేర్చుకోవాలి.

వాద్యం, దాని ఎంపిక

తెరెమిన్ తాకకుండా వాయించే వాద్యం. రష్యన్ భౌతికశాస్త్రవేత్త లేవ్ తెర్మెన్ దీన్ని 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్‌లో రూపొందించి, 1928లో అమెరికాలో పేటెంటు పొందాడు. పెట్టె లోపల రేడియో పౌనఃపున్యంలో పనిచేసే రెండు ఆసిలేటర్లు, అంటే విద్యుత్ కంపనాలు పుట్టించే సర్క్యూట్లు ఉంటాయి. ఒకదాని పౌనఃపున్యం మారదు. రెండోది నిలువుగా నిలబడిన యాంటెన్నాకు కలిపి ఉంటుంది. వాయించేవారి చేయి దానికి దగ్గరయ్యే కొద్దీ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యం) పెరిగి, ఆ ఆసిలేటర్ పౌనఃపున్యం తగ్గుతుంది. రెండింటికీ మధ్య ఏర్పడే తేడాయే మనకు స్వరంగా వినిపిస్తుంది. ఎడమవైపు అడ్డంగా ఉండే ఉంగరం లాంటి యాంటెన్నా నాదపు హెచ్చుతగ్గులను చూసుకుంటుంది. చేయి దించితే ధ్వని తగ్గుతుంది, ఎత్తితే పెరుగుతుంది. చేతి కదలికతో మారే కెపాసిటెన్స్ పికోఫారడ్ అంచుల్లోనే ఉంటుంది కాబట్టి, వాయించేవారి మొండెం, పక్కనున్న మనిషి, దగ్గరలోని ఇనుప కుర్చీ అన్నీ యాంటెన్నాల చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రంలో భాగాలవుతాయి. మెట్లు లేవు, తీగ లేదు, వేలికి తగిలే ఆనవాలేదీ లేదు. విల్నియస్‌లో పుట్టి, వయొలిన్‌లో శిక్షణ పొంది, చేతి బాధ వల్ల ఆ వాద్యాన్ని వదులుకోవలసివచ్చిన క్లారా రాక్‌మోర్ గాలిలోనే వేళ్ల అమరికలు కుదుర్చుకుని తెరెమిన్‌ను కచేరీ వేదిక స్థాయికి తెచ్చింది. మాతో పనిచేసిన కళాకారిణి చేతిలో కనిపించింది కూడా ఆ వేళ్ల సంప్రదాయమే.

చేతి సంజ్ఞలతో నడిచే వాద్యాలు తెరెమిన్ ఒక్కటే కావు. మిషెల్ వైస్‌విస్ 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు చేతులకూ తొడుక్కునే పరికరాలతో వేదిక ఎక్కాడు. లెతీషియా సొనామి 1990లలో సెన్సర్లు కుట్టిన చేతితొడుగుతో కచేరీలు చేసింది. ఇమోజెన్ హీప్ చొరవతో తయారైన మిమ్యు గ్లవ్స్ ఈ తరం వారికి తెలిసినవే. చేతి కదలికను ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో పట్టే లీప్ మోషన్ 2013లో మార్కెట్లోకి వచ్చింది. వీటిలో ఏదైనా తీసుకుంటే ఖర్చు, రవాణా, శ్రుతి స్థిరత్వం, అన్నిటా మాకు సులువయ్యేది. అయినా వద్దనుకున్నాము.

ఆ పరికరాలలో చేతి కదలికకూ స్వరానికీ సహజమైన సంబంధం ఉండదు. చేయి ఇంత జరిగితే స్వరం ఇంత మారాలి, పిడికిలి బిగిస్తే ఇది మోగాలి అని సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒకరు ముందుగా నిర్ణయించాలి. ఆ నిర్ణయం చేసేవారు ఏ సంగీతంలో పెరిగారో ఆ సంగీతమే ఆ అమరికలో స్థిరపడుతుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు స్వరాల సమాచారాన్ని పంపుకునే మిడీ పద్ధతి స్వరాన్ని మొదలూ చివరా ఉన్న ఒక ఘటనగా చూసి, వంపును దానికి తరువాత తగిలించే అనుబంధంగా లెక్కిస్తుంది. కీబోర్డు ఆలోచనకు ఇది సరిపోతుంది. రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూ, ఎక్కడా నిలవకుండా గాంధారమని పిలిపించుకునే స్వరానికి ఇది ఎలా సరిపోతుంది? కళాకారులిద్దరి మధ్యా నేను రాసిన పట్టిక ఒకటి మధ్యవర్తిగా కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. తెరెమిన్‌లో ఆ మధ్యవర్తి ఉండడు. చేయి ఎంత కదిలితే స్వరం అంత కదులుతుంది.

తెరెమిన్లలో కూడా అన్నీ ఒకటి కావు. 2014లో వచ్చిన మూగ్ కంపెనీ వారి తెరెమిని అనే నమూనాలో స్వరాన్ని సవరించే నాబ్ ఉంది. దాన్ని పూర్తిగా తిప్పితే, చేయి ఎక్కడున్నా వాద్యం ఎంచుకున్న స్కేలులోని దగ్గరి స్వరానికే అతుక్కుంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి అది మంచి ఊతం. మాకు మాత్రం సగం తిప్పినా గమకం మెట్లు మెట్లుగా విరిగిపోయింది. పైగా తంబురా మోగుతున్నప్పుడు దాని నాదంలోంచి దానంతటదే పలికే అంతర గాంధారానికీ, కీబోర్డులోలా స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే సమాన విభజన పద్ధతిలోని గాంధారానికీ సుమారు 14 సెంట్ల (అరస్వరంలో వందో వంతు ఒక సెంటు) తేడా ఉంటుంది. తెరెమిన్ నాదం సన్నగా, ఎడతెగకుండా సాగుతుంది కనుక ఆ తేడా దాచినా దాగదు. అందువల్ల ఏ సవరణా లేని, కళాకారిణికి అలవాటైన ఈథర్‌వేవ్ తెరెమిన్‌నే ఉంచుకున్నాము. శ్రుతి వీణకు అనువైన రెండున్నర, అంటే డి షార్ప్. మధ్యస్థాయి షడ్జం నుంచి తారస్థాయి షడ్జం దాకా మోచేయి పెద్దగా చాచకుండా అందేటట్టు క్షేత్రాన్ని సరిచేసుకున్నాము. యాంటెన్నాకు దగ్గరవుతున్నకొద్దీ స్వరాల మధ్య దూరం ఇరుకవుతుంది. తారస్థాయిలో అరస్వరం అంటే వేలి కొస కదలికే.

గమకం దగ్గర ఎదురైనది

మొదట మోహన రాగం అనుకున్నాము. ఐదు స్వరాలే, స్వరాల మధ్య ఎడం ఎక్కువ, జారులకు చోటుంది, కాబట్టి సులువుగా ఉంటుందని అందరికీ అనిపించింది. తెరెమిన్ మీద అది తలకిందులైంది. ఈ వాద్యం మీద అన్నిటికన్నా కష్టం ఊగని స్వరాన్ని నిలబెట్టడం. గాలిలో ఉన్న చేయి ఎంతో కొంత వణుకుతుంది; పాశ్చాత్య తెరెమిన్ సంప్రదాయం ఆ వణుకును సెకనుకు 5 నుంచి 7 సార్లు ఊగే సన్నని వైబ్రాటోగా మలచుకుని అందంగా మార్చుకుంది. షడ్జ పంచమాలు అచల స్వరాలు. తంబురా పక్కన వాటి మీద వైబ్రాటో వేస్తే శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. కళాకారిణి ముందు ఆ అలవాటును మానుకోవలసివచ్చింది, అంటే ఏళ్ల తరబడి తన వాద్యానికి గొంతునిచ్చిన విద్యను పక్కనపెట్టవలసివచ్చింది. అది ఎంత పెద్ద త్యాగమో దగ్గరుండి చూసినవారికే తెలుస్తుంది. మేము దాన్ని మామూలు సర్దుబాటుగా చూడలేదు.

షడ్జం నిలిచాక వైణికురాలు తోడి వైపు మొగ్గారు. గమకం నిండిన రాగంతో మొదలుపెట్టడం సాహసమని మృదంగం మాస్టారు సందేహించారు. ఆమె ఆలోచన వేరు. తోడి గాంధారం నిలవదు, ఊగుతుంది. నిలపడం కష్టమైన చేతికి ఊగే స్వరమే అనువు అన్నారు. ఊపును తాళంలో పెట్టి నేర్పితే అది వైబ్రాటో నుంచి విడిపోతుందని కూడా ఆమె నమ్మకం. వైబ్రాటో ఒక స్వరం చుట్టూ సమంగా, లయతో పనిలేకుండా తిరుగుతుంది. కంపితం అనే ఊపు గమకం రెండు స్వరాల మధ్య తిరుగుతుంది. అది ఎక్కడ ఆగాలో, ఎక్కడ దిగాలో, అక్షరానికి ఎన్ని ఊపులో రాగమూ కాలప్రమాణమూ చెబుతాయి.

రాసుకోవడానికి మాకు దొరికిన సాయం సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో ఎట్టయపురం నుంచి వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. అందులో కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, వళి, జారు వంటి గమకాలకు వేర్వేరు గుర్తులున్నాయి. కళాకారిణికి తెలుగు లిపి రాదు. గుర్తులు చదవడానికి లిపితో పనిలేదు. పాశ్చాత్య స్వరలిపి అయిదు గీతల మీద ఆ గుర్తులు వేసి ఇచ్చినప్పుడు ఆమె వాటిని చేతి కదలికలుగా అర్థం చేసుకోవడం వేగంగా జరిగింది. వీణ వాయించిన సంచారాలను స్వరం ఎత్తుపల్లాలను కొలిచే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌తో వక్రరేఖలుగా గీసి కూడా చూపించాను. వక్రరేఖ ఊపు వెడల్పును చూపడానికి బాగా పనికివచ్చింది. అయితే వాయిస్తున్నప్పుడు తెర ఎదురుగా ఉంటే ఆమె చెవి కన్నా కంటికి లొంగిపోతున్నారని వైణికురాలు గమనించి, సాధనలో తెర తీసేయించారు. అప్పటినుంచి వక్రరేఖలు సాధన ముగిశాక మాట్లాడుకోవడానికే వాడాము.

వక్రరేఖలు అచ్చంగా కలుస్తున్నా వినడానికి రెండూ ఒకటిగా లేకపోవడం అసలు చిక్కు. తెరెమిన్ గాంధారం స్థాయిలో, ఊపులో, కాలంలో వీణకు సరితూగింది. అయినా విన్నవారికి అది సైరన్‌లా తోచింది. కారణం వీణను దగ్గరగా విన్నప్పుడు బయటపడింది. వైణికురాలు మీటిన క్షణంలో నాదం బలంగా పుట్టి, వెంటనే తగ్గడం మొదలవుతుంది. మెట్టు మీద తీగను పక్కకు లాగి, వదిలి, మళ్లీ లాగుతున్నప్పుడు స్వరంతో పాటు నాదం కూడా పలచబడుతూ ఉంటుంది. గమకంలోని కింది మలుపు చెవికి పూర్తిగా చేరదు, సూచనగా చేరుతుంది. తెరెమిన్‌లో పై మలుపూ కింది మలుపూ ఒకే బలంతో, ఒకే ప్రకాశంతో వినిపిస్తున్నాయి.

అక్కడినుంచి సాధన ఎడమచేతికి మారింది. గమకంలో మేలుస్వరాన్ని తాకేటప్పుడు ఎడమచేయి లేవాలి, దిగేటప్పుడు వంగాలి. మీటు పడవలసిన చోట చేయి ఒక్క కుదుపుతో పైకి రావాలి. జంటస్వరాలు వాయించడానికి అదొక్కటే మార్గం. కుడిచేయి కదలకుండా ఉండగా ఎడమచేయి రెండుసార్లు లేస్తేనే ఒకే స్వరం రెండుసార్లు పలుకుతుంది. వైణికురాలు ఈ మార్పును ఒక్క మాటలో పెట్టారు: "ఎక్కేటప్పుడు వినిపించండి, దిగేటప్పుడు గుర్తుచేయండి చాలు." ఆ మాట తరువాత కుడిచేతి ఊపు వెడల్పు కొంచెం అటూఇటూ అయినా రాగం చెడలేదు, ఎడమచేయి ఏమరిస్తే మాత్రం వెంటనే చెడేది. ఇది నేను ముందుగా ఊహించని ఫలితం. ఇలాంటి పని చేపట్టే సౌండు ఇంజనీర్లు స్వరాన్ని కొలిచినంత శ్రద్ధగా ధ్వని తీవ్రతను కూడా కొలిచి, రెండు రేఖలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడాలని గట్టిగా చెబుతాను.

ఇక్కడ కూర్చునే తీరు కూడా కలిసివచ్చింది. వీణ మీద స్వరాన్ని నడిపేది ఎడమచేయి, మీటేది కుడిచేయి. తెరెమిన్ మీద ఇది తారుమారు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి సాధన చేయిస్తే చేతులు ఎదురుబొదురై తికమక అయ్యేది. ఎదురెదురుగా కూర్చోబెట్టగానే వైణికురాలి ఎడమచేతికి సరిగ్గా ఎదురుగా తెరెమిన్ కళాకారిణి కుడిచేయి వచ్చింది, మీటుకు ఎదురుగా నాదపు చేయి వచ్చింది.  గురుముఖతా నేర్చుకోవడమనే మన పద్ధతి ఆ అమరికలో అప్రయత్నంగా పనిచేసింది.

వేదిక, విద్యుత్తు, తాళం

తెరెమిన్ క్షేత్రంలోకి మరొకరి చేయి రాకూడదు. కర్ణాటక కచేరీలో మాత్రం చేతులు, తలలు నిరంతరం కదులుతూనే ఉంటాయి. వైణికురాలిని, మృదంగం మాస్టారిని తెరెమిన్ పెట్టెకు రెండు మీటర్లకు తగ్గకుండా కూర్చోబెట్టాము. తెరెమిన్‌కు పిచ్ యాంటెన్నా ఉన్న వైపు ఎవరూ ఉండకుండా చూసుకున్నాము. ఫోల్డింగ్ కుర్చీలు, మైకు స్టాండ్లు దూరంగా జరిపించాము. కదలని లోహం పెద్ద హాని చేయదు, దాన్ని కలుపుకునే శ్రుతి చేసుకోవచ్చు. కదిలే శరీరమే చిక్కు. అందుకే ప్రేక్షకులు వచ్చి కూర్చున్న తరువాత శ్రుతి మరోసారి సరిచూసుకునే వ్యవధి కార్యక్రమంలో ముందే పెట్టించాము. వాద్యాన్ని ముందుగా ఆన్ చేసి వేడెక్కనివ్వడం కూడా అంతే ముఖ్యం.

విద్యుత్తు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఈ వాద్యానికి మంచి ఎర్తింగ్ కావాలి, ఎందుకంటే వాయించేవారి శరీరం ఆ సర్క్యూట్‌లో ఒక పలక అయితే భూమి రెండో పలక. చిన్న అడాప్టరుతో నడిచే నమూనాలలో ఆ భూసంబంధం తరచుగా ఆడియో వైరు ద్వారానే, మిక్సర్ వైపు నుంచే అందుతుంది. ఒక హాలులో రిహార్సల్ జరుగుతుండగా హమ్ (కరెంటు వల్ల స్పీకర్లలో వచ్చే గుయ్యిమనే శబ్దం) తగ్గించడానికి అక్కడి సాంకేతిక సిబ్బంది వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సు మీద భూసంబంధాన్ని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కారు. హమ్ పోయింది, దానితో పాటు క్షేత్రం కూడా జారిపోయింది. షడ్జం ఉండవలసిన చోట రిషభం పలికింది. హమ్‌కు అదే సరైన మందు కాబట్టి వారిని తప్పుపట్టడానికి లేదు. తరువాత నుంచి పెట్టె చట్రానికి విడిగా ఎర్త్ వైరు ఒకటి వేసి, ఆ మీట మీద టేపు అంటించడం మా ఏర్పాట్లలో భాగమైంది.

తాళం గురించి మొదట ఎవరికీ ఆందోళన లేదు, చివరికి అదే ఎక్కువ ఆలోచింపజేసింది. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలను ఘాత, వేళ్ల లెక్క, విసర్జితాలతో చేతితో చూపుతాము. కర్ణాటక సంగీతానికి తనదైన సంజ్ఞా వ్యవస్థ ఎప్పటినుంచో ఉంది. తెరెమిన్ వాయించేవారికి రెండు చేతులూ క్షేత్రంలోనే ఉంటాయి, కాలితో తాళం వేసినా శరీరం ఊగి స్వరం ఊగుతుంది. తాళక్రియలను కెమెరాతో పట్టి ఆమె చెవిలో క్లిక్‌గా వినిపించే ఆలోచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు, మాస్టారు అసలే ఒప్పుకోలేదు. తాళం వేసే చేయి తోటి కళాకారులతో, సభలోని రసికులతో మాట్లాడే చేయి. దాన్ని యంత్రానికి ఆజ్ఞగా మార్చడం ఆ బంధాన్ని తెంచడమే అవుతుంది. పరిష్కారం వీణలోనే ఉంది. వీణకు వాయించే తీగలు నాలుగు కాక, పక్కన మూడు తాళపు తీగలుంటాయి. వాటిని కుడిచేతి చిటికెన వేలితో మీటుతారు. వైణికురాలు ఆ తీగలను మామూలు కంటే స్పష్టంగా మీటసాగారు. వాటి దగ్గర విడిగా ఒక కాంటాక్ట్ మైకు పెట్టి, ఆ ధ్వనిని తెరెమిన్ కళాకారిణి మానిటర్‌లో కొంచెం హెచ్చుగా ఇచ్చాను. ఆమెకు తాళం చెవి ద్వారా, సంగీతంలోంచే అందింది.

కచేరీ ఎలా కుదిరింది

వాద్యాల బలాన్ని బట్టి పంపకం జరిగింది. తోడి ఆలాపన ఇద్దరూ పంచుకున్నారు. తానం పూర్తిగా వీణకే వదిలేశాము, ఎందుకంటే మీటు లయే ప్రాణమైన ఆ భాగంలో తెరెమిన్ చేయగలిగింది తక్కువ. ముగ్గురూ కలిసి కట్టుకున్న ఒక పల్లవి ఆదితాళంలో, విలంబ కాలంలో సాగింది. పల్లవి వాక్యాన్ని తెరెమిన్ పట్టుకోగా కల్పనస్వరాలు వీణ వాయించింది. రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, తెరెమిన్‌కు ప్రయత్నించి మానుకున్నాము. స్వరాలు అందాయి కానీ వాటిని విడదీసే ఎడమచేయి అంత వేగాన్ని అందుకోలేకపోయింది. తారస్థాయి గాంధారం దాటి వెళ్లడం కూడా మానుకున్నాము. అవి లేకపోవడం వల్ల కచేరీకి లోటు రాలేదని నా అభిప్రాయం; వాద్యం చేయలేనిదాన్ని చేయించి చప్పట్లు కొట్టించుకోవడం మా ముగ్గురు కళాకారులకూ నచ్చని పని.

వీణ వైపు జరిగిన మార్పు నాకు ఎక్కువ సంతోషం కలిగించింది. తెగని నాదాన్ని రోజూ ఎదురుగా వింటూ వైణికురాలు మీట్లు తగ్గించారు. ఒకే మీటు మీద మూడు నాలుగు స్వరాలను వళితో లాగడం, తీగ నాదం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగడం ఆమె ఆలాపనలో పెరిగాయి. వీణను గాత్రంలా పలికించాలన్న తపన ఈమణి శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు కాలం నుంచి ఆంధ్ర వైణికులకు ఉన్నదే; తెరెమిన్ ఆ తపనకు కొత్త పురికొల్పు ఇచ్చింది. మార్పు ఒకవైపే జరిగి ఉంటే దీన్ని ఉమ్మడి పని అనడానికి నాకు మనసొప్పేది కాదు. పారితోషికం సమానంగా పంచుకోవడం, సాధన రికార్డింగుల్లోని వీణ సంచారాలను సాంపిల్స్‌గా మరెక్కడా వాడకూడదని ముందే రాసుకోవడం కూడా ఇందులో భాగమే.

పరాయి వాద్యం మన సంగీతంలో ఇమడాలంటే దాని భంగిమ కూడా మారుతుందని చరిత్ర చెబుతోంది. బాలుస్వామి దీక్షితుల కాలంలో వయొలిన్ వచ్చింది. తరువాతి వైణికులు, గాయకుల గమకాలను అనుసరించడానికి వాద్యకారులు కింద కూర్చుని, వయొలిన్‌ను ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించి, ఎడమచేతికి జారే స్వేచ్ఛ ఇచ్చారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలను తీసేసి అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాన్ని సాధించాడు. తెరెమిన్ ఇంకా నిలబడి వాయించే యూరోపియన్ వాద్యంగానే ఉంది. మా కచేరీలో కళాకారిణి ఎత్తుపీట మీద కూర్చున్నారు, మిగిలిన ఇద్దరూ కింద కూర్చున్నారు; చూపులు కలవడానికి వేదిక మీద వేరే బల్ల వేయవలసివచ్చింది.

ఇప్పుడు చేస్తున్న పని అక్కడే ఉంది. ఇనుప మేకు ఒక్కటీ లేకుండా చెక్కతో ఒక పొట్టి పీట చేయిస్తున్నాము. దాని మీద పెట్టెను పెడితే బాసిపట్టు వేసుకుని కూర్చున్నవారి భుజం ఎత్తుకు పిచ్ యాంటెన్నా వస్తుంది. అలా కూర్చుంటే తొడలు నాదపు యాంటెన్నాకు మరీ దగ్గరవుతాయి కాబట్టి, ఎడమచేతికి కిందివైపు వంగే చోటు తగ్గుతుంది. ఆ ఉంగరాన్ని ముందుకు జరిపి, దాని సున్నితత్వాన్ని తగ్గించి చూస్తున్నాము. కళాకారిణి జర్మనీలో తన ఇంట్లో అదే కొలతలతో మరో పీట చేయించుకుని తోడి గాంధారం సాధన చేస్తున్నారు. వైణికురాలు పంపే పాఠాల్లో ఇప్పుడు స్వరగుర్తుల కింద ఎడమచేతికి వేరే వరుస కూడా ఉంటోంది.